ఉష్ణమండల అడవుల్లో మాస్‌లు, లివర్‌వర్ట్‌లు

మాస్‌లు, లివర్‌వర్ట్‌లు పూలు పూయవు, గింజలు కాయవు. వీటికి నిజమైన వేళ్లు కూడా ఉండవు. హార్న్‌వర్ట్‌లతో కలిపి ఈ చిన్న పచ్చని మొక్కలను బ్రయోఫైట్లు అంటారు. ప్రపంచం మొత్తం మీద మాస్ జాతులు సుమారు 12,000, లివర్‌వర్ట్ జాతులు సుమారు 7,000 ఉంటాయని లెక్క. హార్న్‌వర్ట్‌లు రెండు వందల పైచిలుకే. ఒక్క ఉష్ణమండల అమెరికాలోనే 2,600 దాకా మాస్‌లు, 1,350 దాకా లివర్‌వర్ట్‌లు గుర్తించారు. వానాకాలంలో ప్రహరీ గోడల మీదా బావి ఒరల మీదా పట్టే పాచిలో కొంత శైవలాలు, కొంత మాస్‌లు. అడవిలో ఇవి మానులను కప్పుతాయి, కొమ్మల నుంచి జడల్లా వేలాడతాయి, బతికున్న ఆకుల మీద కూడా పలచగా పరుచుకుంటాయి.

దేహం, నీరు

ఈ మొక్కల్లో కంటికి కనిపించే పచ్చని భాగం సంయోగబీజదం. దాని మీద లేచే సన్నని కాడ, కాడ చివరి గుళిక కలిపి సిద్ధబీజదం. తిండికీ నీటికీ సిద్ధబీజదం చాలావరకు తల్లిమొక్క మీదే ఆధారపడుతుంది. మాస్‌ల ఆకులు సాధారణంగా కాండం చుట్టూ మెలిక వరసలో అమరి ఉంటాయి, చాలా జాతుల్లో ఆకు నడుమ ఈనె ఉంటుంది. లివర్‌వర్ట్‌లలో రెండు తీరులున్నాయి: నేలకు అంటుకుని పరుచుకునే చదునైన థాలస్ ఉన్నవి కొన్ని, కాండం, ఆకులు ఉన్నవి కొన్ని. పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ రిక్సియా, మార్కాన్షియాల బొమ్మలే వేయడం వల్ల లివర్‌వర్ట్ అంటే థాలసే అనే అభిప్రాయం పాతుకుపోయింది. ఉష్ణమండల అడవిలో కనిపించేవాటిలో అత్యధికం ఆకులున్నవే. వాటి ఆకులు కాండానికి రెండు పక్కలా రెండు వరసల్లో ఉంటాయి. అడుగున మరీ చిన్న ఆకుల మూడో వరస తరచు కనిపిస్తుంది. ఈ ఆకులకు ఈనె ఉండదు.

చెట్టు వేళ్లతో నీరు తోడుకుంటుంది, దారువు గుండా పైకి పంపుతుంది, ఆకు మీది మైనపు పొరతోనూ పత్రరంధ్రాలతోనూ ఆ నీటి ఖర్చును అదుపు చేసుకుంటుంది. మాస్ ఆకుకు ఈ ఏర్పాట్లు దాదాపు లేవు. అది చాలావరకు ఒకే కణం మందం. వాననీటినీ మంచునూ ఒంటి నిండా పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే తానూ ఎండిపోతుంది. ఎండినప్పుడు కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ దాదాపు ఆగిపోతాయి. మళ్లీ తడి తగిలితే జాతిని బట్టి నిమిషాల్లోనో గంటల్లోనో మొదలవుతాయి. అడుగున ఉండే మూలతంతువులు ముఖ్యంగా పట్టు కోసమే. సంతానోత్పత్తికీ నీరే ఆధారం: పురుషకణం స్త్రీబీజాన్ని చేరాలంటే పలచని నీటిపొరలో ఈదుకుంటూ పోవాలి. ఏ జాతి అడవిలో ఏ చోట, ఏ ఆకారంలో బతుకుతుందన్నది ప్రధానంగా నీటి మీద అదుపు లేని ఈ లక్షణాన్ని బట్టే ఉంటుంది.

పల్లపు అడవి, కొండ అడవి

ఏడాది పొడవునా వేడీ తేమా ఉండే పల్లపు వర్షారణ్యం ఈ మొక్కలకు అన్నిటికన్నా అనువైన చోటనిపిస్తుంది. అడవిలోకి వెళ్లి చూస్తే అలా కనిపించదు. అమెజాన్ పల్లపు అడవిలో నేల మీద మాస్ కావాలంటే వెతుక్కోవాలి. ఏడాదంతా రాలే ఆకులు నేలను కప్పేస్తాయి, వాటి కింద చిన్న మొక్క బతకదు. కుళ్లుతున్న మానులు, బయటపడ్డ వేళ్లు, రాళ్లు, వాగుల ఒడ్లు మాత్రమే మిగులుతాయి. చెట్ల మానుల మీద కూడా, కొండ అడవితో పోలిస్తే ఇక్కడి తొడుగు పలచనే.

నేల సంగతి రాలిన ఆకులతో తేలిపోతుంది గానీ మానుల మీది లేమికి కారణం చాలాకాలం అంతుబట్టలేదు. పి. డబ్ల్యూ. రిచర్డ్స్, యాన్-పీటర్ ఫ్రామ్ వంటివారు దీన్ని మొక్క జమాఖర్చుల కోణం నుంచి చూశారు. పల్లపు అడవిలో రాత్రులు కూడా వెచ్చగా ఉంటాయి. తడిసి ఉన్న మొక్క ఆ వెచ్చదనంలో రాత్రంతా జోరుగా శ్వాసిస్తూ పగలు కూడబెట్టుకున్న కర్బనాన్ని ఖర్చు చేస్తుంది. తెల్లవారాక తడి ఉన్న కాసేపు చెట్ల కింద వెలుతురు చాలదు, వెలుతురు పెరిగే వేళకు మొక్క ఎండిపోతుంది. సంపాదనకు దొరికేది కొద్ది గంటలే, ఖర్చు మాత్రం రాత్రంతా. గెర్‌హార్డ్ జోట్జ్ బృందం పనామాలో కొలిచినప్పుడు ఓ మోస్తరు ఎత్తున్న కొండ అడవిలో సైతం పగటి రాబడిలో సగానికి మించి రాత్రి శ్వాసలో పోతున్నట్టు తేలింది. అంతకన్నా వెచ్చగా ఉండే పల్లంలో మిగిలేది ఇంకా తక్కువ.

ఎత్తుకు పోయేకొద్దీ ఈ లెక్క మారుతుంది. రాత్రులు చల్లబడి ఖర్చు తగ్గుతుంది. మబ్బులు అడవిని తాకుతూ పోవడంతో మొక్కలు పగలు కూడా తడిగా ఉంటాయి. చెట్లు పొట్టివి కావడంతో వెలుతురు లోపలి దాకా దిగుతుంది. కొలంబియా ఆండీస్‌లో యాన్ వుల్ఫ్ 1,000 మీటర్ల నుంచి 4,000 మీటర్లు దాటే దాకా వరసగా చెట్లను పరిశీలించి, చెట్ల మీది బ్రయోఫైట్లు, లైకెన్ల వైవిధ్యం సుమారు 2,500 నుంచి 3,200 మీటర్ల నడుమ అత్యధికంగా ఉందని చూపాడు. పూల మొక్కల్లో చెట్ల జాతులు ఎక్కువగా ఉండేది పల్లంలో కాబట్టి, కొండ ఎక్కుతున్నకొద్దీ ఒక వర్గం తరుగుతుంటే మరో వర్గం పెరుగుతుందన్నమాట.

తూకంలో తేడా ఇంకా పెద్దది. టాంజానియాలోని ఉలుగురు కొండల మీద హంగేరీ శాస్త్రవేత్త తమాష్ పోచ్ చెట్ల మీది వృక్షోపజీవులనూ వాటి కింద పోగైన మట్టినీ ఎండబెట్టి తూచాడు. సుమారు 1,400 మీటర్ల ఎత్తున హెక్టారుకు రెండు టన్నుల చొప్పున తేలగా, 2,100 మీటర్లు దాటిన చోట, నిత్యం మబ్బులో ఉండే మరుగుజ్జు అడవిలో అది దాదాపు 14 టన్నులు. శిఖరాలకు దగ్గరగా గాలికి వంకర తిరిగి, మనిషెత్తుకు కొద్దిగా మించి పెరిగే ఇలాంటి చెట్ల మీద బెరడు జానెడైనా కనిపించదు.

ఎత్తు ఒక్కటే కారణమైతే పల్లంలో ఎక్కడా మాస్ సమృద్ధి ఉండకూడదు. ఫ్రెంచ్ గయానాలో సముద్రమట్టానికి మహా అయితే కొన్ని వందల మీటర్ల ఎత్తున్న లోయల్లో ఈ అంచనా తప్పింది. రాత్రి పేరుకున్న పొగమంచు అక్కడ ఉదయం పొద్దెక్కే దాకా విడవదు. ఆ కొద్ది గంటల అదనపు తడితోనే ఆ లోయల్లోని చెట్లు పక్కనున్న మామూలు పల్లపు అడవికన్నా ఎన్నో ఎక్కువ జాతులను మోస్తున్నాయని ఎస్. రాబ్ గ్రాడ్‌స్టీన్ బృందం 2010లో వివరించి, దీన్ని పల్లపు మేఘారణ్యమనే వేరు రకంగా గుర్తించాలని ప్రతిపాదించింది.

చెట్టు మీద అంతస్తులు

ఒకే చెట్టు మీద కూడా వాతావరణం ఒకటి కాదు. మొదట్లో చీకటి, నిలకడైన తేమ ఉంటాయి. పై కొమ్మల్లో ఎండా గాలీ తగులుతాయి, రోజుకు ఒకటి రెండుసార్లు తడిసి ఆరడం అక్కడ మామూలు. అందుకే కింది జాతులు వేరు, పై జాతులు వేరు. పైనుండేవి తరచు ముదురు గోధుమ, ఎరుపు రంగుల్లో ఉండి, ఆరినప్పుడు ఆకులను కాండానికి దగ్గరగా చుట్టుకుంటాయి. ఫ్రులానియా ప్రజాతి లివర్‌వర్ట్‌లు ఇందుకు మంచి ఉదాహరణ. ప్లాగియోకిలా ప్రజాతిలో చాలా జాతులు నీడలో, మాను నుంచి విసనకర్రల్లా బయటికి చాచుకుని పెరుగుతాయి. పై కొమ్మల జాతులు నేల మీదినుంచి కనిపించవు. పాత సేకరణలన్నీ చేతికందే ఎత్తులో జరిగినవి కాబట్టి, అడవిలో ఉన్న జాతుల్లో గణనీయమైన భాగం వాటికి తప్పిపోయింది. 1980ల్లో గయానాలో కార్నెలిసన్, టెర్ స్టీగ్ పర్వతారోహకుల తాళ్లతో చెట్లెక్కి కొమ్మల చివరిదాకా పరిశీలించాకనే ఈ లోటు ఎంతో తెలిసింది. అదే పద్ధతిలో సాగిన తరవాతి పనుల్లో, పల్లపు అడవిలో నాలుగైదు పెద్ద చెట్లను మొదటి నుంచి చివరిదాకా జాగ్రత్తగా చూస్తే అక్కడి వృక్షోపజీవ బ్రయోఫైట్లలో పెద్ద భాగం దొరికిపోతుందని తేలింది. చెట్ల జాతుల కోసమైతే హెక్టార్ల కొద్దీ తిరగాల్సిందే.

నీటిని కాసేపు ఎక్కువ నిలుపుకోవడానికి ఈ మొక్కలు ఎన్నో ఆకారాలు తీసుకున్నాయి. గాలిలో తేమ నిండుగా ఉన్నచోట మెటియోరియేసి కుటుంబపు మాస్‌లు కొమ్మల నుంచి బారెడు పొడవున వేలాడి మంచు తుంపరలను పట్టుకుంటాయి. ఎండ తగిలే చోట మొక్కలు ఒకదానికొకటి ఒత్తుకుని మెత్తల్లా గుమిగూడతాయి. లూకోబ్రయమ్, ఆక్టోబ్లెఫారమ్ ప్రజాతుల ఆకుల్లో పచ్చని కణాలు కొద్దిపాటివే. వాటికి పైనా కిందా ఉన్న నిర్జీవ కణాలు ఖాళీ గదుల్లా నీటిని దాచుకుంటాయి, ఎండినప్పుడు మొక్కకు తెల్లని రంగునిస్తాయి. ఆగ్నేయాసియా, న్యూగినీ కొండల మీది డాసోనియా వీటన్నిటికీ మినహాయింపు. కాండం లోపల నీటిని పైకి పంపే కణాలుండటంతో అది అర మీటరు దాకా నిటారుగా పెరుగుతుంది, దూరం నుంచి పైన్ మొలకని భ్రమ కలిగిస్తుంది.

పల్లపు అడవిలో అన్నిటికన్నా ఎక్కువగా వర్ధిల్లిన వర్గం లెజూనియేసి కుటుంబం. వెయ్యికి పైగా జాతులున్న ఈ లివర్‌వర్ట్‌లు కొన్ని పల్లపు అడవుల్లో అక్కడి లివర్‌వర్ట్ జాతుల్లో మూడింట రెండు వంతుల దాకా ఉంటాయి. చాలావాటిలో మొత్తం మొక్క వెడల్పు ఒక మిల్లీమీటరు లోపే. ప్రతి ఆకుకూ అడుగు భాగం కొంత మడిచినట్టై చిన్న సంచి ఏర్పడుతుంది, నీరు అందులో నిలుస్తుంది. కొల్యూరా ప్రజాతిలో, వేరే కుటుంబానికి చెందిన ప్లూరోజియాలో ఈ సంచికి లోపలికే తెరుచుకునే మూత కూడా ఉంటుంది. కెన్యా కొండల్లోని కొల్యూరా జూఫాగా సంచుల్లో సూక్ష్మజీవులైన సీలియేట్లు చిక్కుకుంటున్నాయని విల్హెల్మ్ బార్ట్‌లాట్ బృందం 2000లో ప్రకటించాక, మాంసాహార మొక్కల జాబితాలో దీన్ని చేర్చాలా అనే చర్చ మొదలైంది. చిక్కినవాటిని మొక్క జీర్ణించుకుంటుందని గట్టి రుజువు లేనంతవరకు ఆ జాబితాకు తొందరపడనక్కరలేదు.

ఆకుల మీది కాపురం

బతికున్న ఆకు మీద మరో మొక్క పెరగడం ఏడాదంతా తేమగా ఉండే చోట్లకే పరిమితమైన విషయం. పసిఆకు మీద మొదట బాక్టీరియా, శైవలాలు, శిలీంధ్రాలు, ఆ తర్వాత లైకెన్లు, లివర్‌వర్ట్‌లు చేరతాయి. కొలొలెజూనియా, లెప్టొలెజూనియా, డ్రెపనొలెజూనియా వంటివి ఇక్కడి ముఖ్య ప్రజాతులు. మాస్‌లు తక్కువ. జావా మొదలైన చోట్ల దొరికే ఎఫిమెరాప్సిస్ అనే మాస్ విచిత్రమైంది: ఇతర మాస్‌లలో మొలకదశగా వచ్చిపోయే దారాల్లాంటి ప్రథమతంతువే దానిలో ప్రధాన దేహంగా మిగిలిపోతుంది.

ఇలాంటి మొక్క ఎంతకాలం బతకాలన్నది ఆకు ఆయుష్షు నిర్ణయిస్తుంది. ఆకు రాలేలోపు మొలవాలి, పెరగాలి, మరో ఆకుకు సంతానాన్ని పంపాలి. అందుకే వీటిలో తొందరగా సిద్ధబీజాలు తయారు చేసేవి, బిళ్లల్లాంటి జెమ్మాలను విడిచి లైంగిక చర్య లేకుండానే వ్యాపించేవి ఎక్కువ. నునుపైన ఆకు మీద పట్టు చిక్కడానికి మూలతంతువుల చివరలు వెడల్పై బిళ్లల్లా అతుక్కుంటాయి.

ఆతిథ్యమిచ్చే ఆకుకు ఇది నష్టమా లాభమా అన్నదానికి ఒక్కమాటలో జవాబు లేదు. వెలుతురు కొంత తగ్గుతుందన్నది నిజం. నైజీరియాలో రాడ్యులా ఫ్లాక్సిడా అనే లివర్‌వర్ట్ మూలతంతువులు ఆకు పైపొరను దాటి లోపలికి పోయి నీటినీ ఫాస్ఫేట్‌నూ తీసుకుంటాయని 1975లోనే తెలిసింది. మరోవైపు, లివర్‌వర్ట్‌ల నడుమ తడిలో బతికే సయనోబాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపిస్తాయి, దానిలో కొంత ఆకుకు చేరుతుందని కోస్టారికాలో ఒక తాళజాతి చెట్టు మీద బెంట్లీ, కార్పెంటర్ చూపారు. వర్షారణ్యపు ఆకులకు సాగిన కొసలుండటం నీటిని తొందరగా జార్చి ఇలాంటి మొక్కలను దూరం పెట్టడానికేనని పాతకాలపు వివరణ ఒకటుంది. కొసలు కత్తిరించి చేసిన ప్రయోగాలు దాన్ని బలపరచలేదు.

వ్యాప్తి

సిద్ధబీజాలు ధూళికణమంత చిన్నవి. చాలావాటి వ్యాసం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. గాలి వాటిని ఎంత దూరమైనా మోయగలదు, అందుకే ఆక్టోబ్లెఫారమ్ ఆల్బిడమ్ వంటి జాతులు అమెరికా, ఆఫ్రికా, ఆసియా ఖండాల ఉష్ణప్రాంతాలన్నిటా ఉన్నాయి. అయితే మోయడం వేరు, బతికి దిగడం వేరు. 1980ల్లో వాన్ జాంటెన్, గ్రాడ్‌స్టీన్ కొలంబియా లివర్‌వర్ట్‌ల సిద్ధబీజాలను ఎండబెట్టి, గడ్డకట్టించి చూశారు. ఖండాలు దాటి వ్యాపించిన జాతుల బీజాలు ఆ శిక్షకు తట్టుకోగా, ఒక్క ప్రాంతానికే పరిమితమైన జాతులవి ఎక్కువగా చనిపోయాయి.

ఉష్ణమండలంలో చెట్ల వైవిధ్యం శీతల ప్రాంతాలకన్నా ఎన్నో రెట్లు. మాస్‌లలో ఆ తేడా అంత స్పష్టంగా ఉండదు, శీతల ప్రాంతాల్లోనూ అవి దండిగానే ఉన్నాయి. ఉష్ణమండలంలో సమృద్ధి ఎక్కువగా ఆకులున్న లివర్‌వర్ట్‌లది.

అడవికి ఇవి చేసే పని

మేఘారణ్యంలో వాన పడని రోజుల్లో కూడా చెట్ల కింద చినుకులు రాలుతుంటాయి. గాలితో కదిలే మబ్బులోని తుంపరలు మాస్ పోగులకు తగిలి, కూడి, బొట్లై కిందికి జారతాయి. ఎండు బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టే ఈ తొడుగు కుండపోత వానను స్పంజిలా పీల్చుకుని మెల్లగా వదులుతుంది. దాంతో ఏటవాలు నేల కోసుకుపోదు, వాగులు వేసవిలోనూ పారతాయి. వానలోనూ ధూళిలోనూ వచ్చే పోషకాలు కూడా మొదట దొరికేది వీటికే. ఏళ్ల తరబడి చచ్చి పేరుకున్న మాస్ కొమ్మల మీద నల్లని మట్టిగా మారుతుంది, ఆర్కిడ్‌లు, ఫెర్న్‌లు, బ్రొమీలియాలు అందులో వేళ్లూనుకుంటాయి. కొన్ని చెట్లు తమ కొమ్మల నుంచే ఈ మట్టిలోకి వేళ్లు దించి, తమ మీద తామే మేస్తాయని నళినీ నాడ్కర్ణి 1981లో వెల్లడించింది.

తడి మాస్‌లో రొటిఫర్లు, నులిపురుగులు, టార్డిగ్రేడ్‌లు, నల్లులు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. పక్షులు గూళ్లకు మాస్ వాడతాయి. వియత్నాం ఉత్తర కొండల్లో ఒక కప్ప మాస్ పట్టిన రాయిని పోలిన చర్మంతో కనిపించకుండా దాక్కుంటుంది. న్యూగినీలో ఇంకో అడుగు ముందుకు పోయిన జీవులున్నాయి: గిమ్నోఫోలస్ ప్రజాతి ముక్కుపురుగుల వీపు మీద మాస్‌లు, లివర్‌వర్ట్‌లు నిజంగానే పెరుగుతాయని గ్రెసిట్ 1960ల్లో గుర్తించాడు. చుట్టూ ఇన్ని జీవులున్నా లివర్‌వర్ట్‌లను తినే జంతువులు మాత్రం తక్కువే. వాటి కణాల్లోని నూనె బిందువుల్లో ఉండే టెర్పినాయిడ్ రసాయనాలు ఘాటైనవి, చేదైనవి.

భారతదేశంలో

దేశంలో బ్రయోఫైట్లకు తూర్పు హిమాలయాలు, పడమటి కనుమలు రెండు పెద్ద నెలవులు. నీలగిరి, పళని, ఆనైమలై కొండల మీది షోలా అడవుల్లో వేలాడే మాస్‌లు, ఆకుల మీది లివర్‌వర్ట్‌లు రెండూ ఉన్నాయి. భారతీయ బ్రయాలజీ పితామహుడిగా పేరొందిన శివరాం కశ్యప్ తన ప్రధాన గ్రంథాన్ని పశ్చిమ హిమాలయాలు, పంజాబు మైదానాల లివర్‌వర్ట్‌ల మీద 1929, 1932లలో రెండు భాగాలుగా వెలువరించాడు.

తెలుగు రాష్ట్రాల్లోని తూర్పు కనుమలు ప్రధానంగా ఆకురాల్చే అడవులు. మారేడుమిల్లి, చింతపల్లి, అరకు వైపు కాస్త తేమ ఎక్కువ. నల్లమల, శేషాచలం పొడి ప్రాంతాలు. ఇక్కడి మాస్‌లకూ లివర్‌వర్ట్‌లకూ ఏడాది మొత్తం కాదు, నైరుతి వానలతో మొదలై చలికాలం దాకా సాగే నాలుగైదు నెలలే బతుకు. రిక్సియా పొలంగట్ల మీద ఆ కాస్త కాలంలోనే జీవితచక్రం ముగించి, సిద్ధబీజాలుగా వేసవి గడుపుతుంది. టార్గియోనియా, ప్లాగియోకాస్మా థాలస్‌లు అంచులు లోపలికి చుట్టుకుని, నల్లని పొలుసుల అడుగుభాగం పైకి తిప్పి ఎండలో పడి ఉంటాయి. చూసినవారు చచ్చాయనే అనుకుంటారు. మొదటి వానకు విప్పుకుంటాయి. హయోఫైలా మాస్ పట్టణాల్లో సిమెంటు గోడల మీద కూడా కనిపిస్తుంది.

ముప్పు

నీటి మీద అదుపు లేని మొక్కకు అడవి అంచు ప్రమాదకరం. అడవిని నరికి ముక్కలు చేస్తే అంచుల నుంచి ఎండా పొడిగాలీ లోపలికి చొరబడతాయి. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 1979 నుంచి సాగుతున్న దీర్ఘకాల పరిశోధన ప్రాంతంలో చార్ల్స్ జార్ట్‌మన్ ఆకుల మీది లివర్‌వర్ట్‌లను లెక్కించినప్పుడు, ఒక హెక్టారు, పది హెక్టార్ల తునకల్లో జాతులూ మొక్కల సంఖ్యా రెండూ తగ్గాయి. వంద హెక్టార్ల తునకలు మాత్రం విడదీయని అడవికి దగ్గరగా ఉన్నాయి. మేఘారణ్యాలకు మరో ప్రమాదముంది. వాతావరణం వేడెక్కితే మబ్బు కూడే ఎత్తు పైకి జరుగుతుంది, కొండ కొమ్ము మీద ఉన్న అడవికి ఇక పైకి జరిగే చోటుండదు.

తోటపనికీ అలంకరణకూ మాస్ ఏరుకోవడం మెక్సికో నుంచి ఆండీస్ దాకా చాలా దేశాల్లో ఒక వ్యాపారం. మన నర్సరీల్లో గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మ చుట్టూ తడిపి చుట్టే స్ఫాగ్నమ్ కూడా ఇలా ఏరి తెచ్చిన మాసే. ఒకసారి ఒలిచిన కొమ్మ మీద మళ్లీ ఎంతకాలానికి పెరుగుతుందో తెలుసుకోవడానికి నాడ్కర్ణి కోస్టారికాలోని మోంటెవెర్డె మేఘారణ్యంలో కొమ్మలను శుభ్రంగా ఒలిచి ఏళ్ల తరబడి గమనించింది. మొదటి ఐదేళ్లలో చెప్పుకోదగ్గ తొడుగేమీ పట్టలేదు. తర్వాత మొదలైన పెరుగుదల కూడా అందరూ ఊహించినట్టు కొమ్మ పైభాగాన కాదు, నీరు జారి ఎక్కువసేపు నిలిచే అడుగుభాగాన మొదలైంది.